పొట్లంలో నీడ

తిరుమలయ్య మామ కళ్లద్దాలు మార్పించుకొస్తానని చెప్పులు తొడుక్కుని వెళ్లాక, గల్లాపెట్టె ముందున్న చెక్క కుర్చీలో నాగశ్రీ మొదట అంచున కూర్చుంది, తర్వాత కొంచెం లోపలికి జరిగింది, ఆ తర్వాత వీపు ఆనించింది. పెళ్లయి నలభై రెండు రోజులు. నందికొట్కూరు బజారులో ఇది వాళ్ల కిరాణా అంగడి, ఇల్లు దీని వెనకే, మధ్యలో పూసల తెర. ఇన్నాళ్లూ తెర అవతలి నుంచి చూసిన అంగడి ఇవతలి నుంచి చూస్తే ఇంకో అంగడిలా ఉంది. ఇంగువ డబ్బా దగ్గర గాలి ఘాటుగా ఉంది, రెండడుగులు జరిగితే బెల్లం వాసన, ఇంకొంచెం జరిగితే కొత్త గోనెసంచుల వాసన, మూడూ ఎక్కడ కలుస్తాయో చూద్దామని ఆమె కుర్చీలోంచి కొంచెం అటూ ఇటూ వంగి చూసింది. పైనుంచి పురికొస వేలాడుతోంది. లాగితే ఉండ డబ్బాలో గిరగిరా తిరిగి చిన్న చప్పుడు చేస్తుంది. ఒకసారి లాగింది. ఇంకోసారి లాగింది. గోడ గడియారంలో పదకొండు. పన్నెండుకు రత్నమణి మేడమ్ వస్తుంది, పన్నెండుంబావు బస్సుకు కర్నూలు పోతుంది, పోతూ పోతూ నాగశ్రీ చేతిలోని ఈ కాగితం తీసుకుపోతుంది. కాగితం మీద తొమ్మిది పేర్లున్నాయి. పదో గీత ఖాళీగా ఉంది. ఖాళీ ఎందుకంటే పదో పుస్తకం పేరు ఎదురుగా ఏం రాయాలో నాగశ్రీకి తెలియదు.

కాగితంలో మూడు వరుసలు, చరిత్ర నవలలు, అద్భుత కథలు, రాబోయే చెడ్డ కాలం గురించిన నవలలు, తొమ్మిది పది తరగతుల పిల్లల కోసం. హైస్కూలుకు పుస్తకాలు కొనే పని రత్నమణి మేడమ్‌ది. గుడి దగ్గర పరిచయమైంది, కొత్తకోడలు పుట్టినూరు కమలాపురంలో ఆదివారాలు పిల్లల చేత నవలలు చదివించేదని విని ఆగిపోయింది. పది పేర్లు రాసియ్యమ్మా, బాగుంటే శనివారం ఒక పీరియడు నీకే ఇస్తా, వచ్చి చదివించుకో అంది. కానీ ప్రతి పేరు ఎదురుగా ఆఖర్న ఏమవుతుందో ఒక ముక్క రాయాలంది. పోయినేడు ఎవరో ఇచ్చిన పుస్తకంలో చివరికి పిల్లవాడు చనిపోతే తల్లిదండ్రులు బడి మీదికొచ్చారట. ఆఖరు తెలీని పుస్తకం నేను పిల్లల చేతికియ్యను, అని నవ్వుతూనే చెప్పింది మేడమ్, కానీ ఆ నవ్వు నాగశ్రీకి బాగా గుర్తుంది, పెదాల దాకానే వచ్చి ఆగిన నవ్వు. శనివారం పీరియడు. ఆ రెండు మాటలు లోలోపల ఇంకోసారి అనుకుని చూసింది. ఈ ఊళ్లో ఆమె వాసుదేవ్ పెండ్లాము, తిరుమలయ్య కోడలు, కన్యకమ్మ ఇంటికొచ్చిన పిల్ల. నాగశ్రీ అని పిలిచేవాళ్లు ఇంకా ఎవరూ లేరు, శనివారం నుంచి ముప్పై నలుగురు పిల్లలు టీచర్ అని పిలుస్తారేమో, అదైనా పరవాలేదు.

"ఏమ్మే కొత్తపెండ్లికూతురా, శెట్టి యాడికి పాయ?" రామసుబ్బమ్మ మెట్టు మీద నిలబడి లోపలికి తొంగి చూస్తోంది. మూడిళ్ల అవతలి ముసలావిడ, ఆమెకు ఆ మెట్టే ఊరి కచేరీ.

"అద్దాలంగడికి పోయినాడవ్వా. ఏం కావల్ల?"

"అరకిలో శెనగబ్యాళ్లు. సరిగా తూకమెయ్యి, నీ మొగుని మింద ధ్యాస పెట్టుకోని పావుకిలో ఎక్కువేసేవు."

"ఎక్కువేస్తే నీకే కదవ్వా లాభం."

"నాకు లాభమే, మీ మామకు గుండె నిలిచిపోతాది" అని ముసలావిడ తన మాటకు తనే నవ్వుకుంది.

ప్లాస్టిక్ కవర్లు ఆపేశాక మామ పాత పద్ధతికి వచ్చాడు. పిల్లలు పరీక్షలయ్యాక అమ్మేసే పాత పుస్తకాలు తూకానికి కొని, తీరిక ఉన్నప్పుడు కుట్లు విప్పి కాగితాలు విడదీసి కట్టగా పెట్టుకుంటాడు. కాగితాన్ని చేతి చుట్టూ ఒక చుట్టు, కొన దగ్గర ఒక మడత, అంతే, కోన్‌లా పొట్లం తయారు. పది రోజులుగా తెర వెనక ఎన్నిసార్లు ప్రయత్నించినా నాగశ్రీకి ఆ మడత రాలేదు, ఈరోజే మొదటిసారి వచ్చింది. వచ్చినందుకు ఎంత సంతోషం కలిగిందంటే కాగితం మీద ఏముందో చూడనే లేదు. శెనగపప్పు పోశాక, పైన మూతలా మడుస్తుండగా ఒక వాక్యం కనిపించింది. *చుక్క తన నీడ కార్డును అమ్మ చేతిలో పెట్టి ఎండలోకి నడిచింది.* పక్కన సన్నగా పెన్సిలు గీత. ఆ గీత తనదే. కింద పేజీ సంఖ్య నూటనలభై మూడు.

ముసలావిడ పొట్లం పుచ్చుకుని వెళ్లిపోయింది. వీధిలో ఎండ తెల్లగా ఉంది, రామసుబ్బమ్మ చెంగు తల మీద కప్పుకుని ఆ ఎండలోంచి నడిచిపోతుంటే నాగశ్రీ చూస్తూ కూర్చుంది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఆగి చూసింది. రాలేదు. ఎవరి పుస్తకమో ఎవరో చింపినట్టు, ఆ ఎవరో ఒకరి కథ తాను విన్నట్టు ఉంది. నూటనలభై మూడో పేజీ రామసుబ్బమ్మ ఇంటికి పోతోంది, సాయంత్రానికి పొయ్యి ముట్టించడానికి పనికొస్తుంది, లేదా గూట్లో ఉప్పు డబ్బా కింద పరుస్తుంది. చుక్క అక్కడ ఉంటుంది, ఉప్పు డబ్బా కింద, కాస్త నీడలో. ఆ ఆలోచనకు నాగశ్రీకి నవ్వు కూడా వచ్చింది, వెంటనే ఆ నవ్వు ఎవరైనా చూశారేమోనని పూసల తెర వైపు చూసింది.

నీడ పట్నం ఆ నవల పేరు, పదో గీత మీద రావాల్సింది అదే, అందులోని ఊరి పేరు కూడా అదే. అక్కడ చెట్లు లేవు, నీడంతా సర్కారుది. గోడల నీడ, పందిళ్ల నీడ, ఆఖరికి ఎగిరే గద్ద నీడ కూడా. మనిషికి రోజుకిన్ని గంటల నీడ అని కార్డు ఇస్తారు, కార్డు లేనివాడు ఎండలో నిలబడాలి. పదిహేనేళ్ల చుక్క తన కార్డు జబ్బుపడ్డ తల్లికి ఇచ్చేసి, ఊరి గోడ అవతల ఒక చెట్టు ఉందని ఎవరో ముసలాయన చెప్పిన మాట పట్టుకుని నడవడం మొదలుపెడుతుంది. గోడ దగ్గరికి వచ్చేసరికి ఒక మనిషి పట్టేంత సందు కనిపిస్తుంది. దాటితే మళ్లీ లోపలికి రానివ్వరు. అక్కడ ఆగింది నాగశ్రీ. రెండువందల ఒకటో పేజీ నుంచి ఆఖరి అధ్యాయం. దాటిందా, తల్లి దగ్గరికి తిరిగొచ్చిందా, ఏమో. చదవలేదు. చదవకపోవడం ఒక ఒప్పందం. నిశ్చితార్థం అయినప్పటి నుంచి పెళ్లి దాకా రోజూ మధ్యాహ్నం మూడింటికి, అంగడి బేరం మందగించే వేళకు, వాసుదేవ్ మిద్దె మీదికి వెళ్లి ఫోను చేసేవాడు, కమలాపురంలో ఆమె వరండా చివర కూర్చుని ఒక అధ్యాయం చదివి వినిపించేది. బీకామ్ చదివాడు, పాఠ్యపుస్తకం తప్ప ఇంకో పుస్తకం విప్పిన పాపాన పోలేదు, మొదట్లో మధ్య మధ్య ఊఁ కొట్టడం కూడా మరిచిపోయేవాడు. ఆరో అధ్యాయం నాడు తనే అడిగాడు, ఆ పందిరి కాడ కావలోడు దాన్ని పట్టిస్తాడా ఏంది అని. ఆ ఏంది అన్న మాటకు ఆమె ఆ రోజంతా పొంగిపోయింది, వాళ్ల అక్కకు చెబితే, దీనికేమే అంత ఇది అంది. ఆఖరి అధ్యాయం మాత్రం పెళ్లయ్యాక పక్కపక్కన కూర్చుని చదవాలనుకున్నారు. ఆ అధ్యాయం మొదటి పేజీ మీద పెన్సిలుతో రాసింది కూడా, ఇది ఇద్దరం కలిసి, అని. పెళ్లయ్యాక చుట్టాలిళ్లు, విందులు, అహోబిలం, మళ్లీ విందులు. పుస్తకాల పెట్టె వచ్చిన రోజు ఇంట్లో చోటు లేదని వాసుదేవే అంగడి వెనక గదిలో పెట్టాడు, పాత పుస్తకాల కట్ట పక్కన. పెట్టెలో అన్నిటికంటే పైన ఉన్నది ఇదే.

అట్టలు. అదే తప్పు. పుస్తకం ఏదైనా కొన్నరోజే గోధుమరంగు కాగితంతో అట్ట వేసి, మీద తెల్ల చీటీ అంటించడం ఆరో తరగతి నుంచి ఆమె అలవాటు. అట్ట వేసిన పుస్తకం ఎవరికైనా బడి పుస్తకమే. మామ దానిని తెరిచి చూసి ఉండడు, పేరు రాయని చీటీ చూసి ఏ పిల్లవాడిదో అనుకుని కుట్టు విప్పి ఉంటాడు. వ్యాపారస్తుల ఇంట్లో పుట్టి పెరిగిన తనకు ఆ సంగతి తెలియాలి. కమలాపురంలో నాన్న కూడా అలాగే, ఆమె ఎనిమిదో తరగతి చరిత్ర నోట్సులో ఎండుమిరపకాయలు కట్టిచ్చాడు, రెండు రోజులు అన్నం తినలేదు తను. అప్పుడు ఏడ్చింది. ఇప్పుడు ఏడుపు రాలేదు. నాన్న మీద అలగొచ్చు. ఈయన నిన్న పొద్దున తనకిష్టమని గుర్తుపెట్టుకుని ఉగ్గాని చేయించి, మిరపకాయ బజ్జీలు బయటినుంచి తెప్పించి, పళ్లెం దగ్గర నిలబడి, ఇంగోటి పెట్టుకోమ్మా, అన్న మనిషి. ఈయనకు, మామయ్యా మీరు చింపింది నా పుస్తకం, అని ఎలా చెప్పడం? చెబితే ఆయన ముఖం ఎలా అవుతుందో ఊహించుకుంది. ఊహించుకుని ఆ ఊహను పక్కన పెట్టింది, అటక మీద డబ్బా పెట్టినట్టు.

కట్టంతా తిరగేసింది. లెక్కల పుస్తకం, సాంఘికశాస్త్రం, మళ్లీ లెక్కలు. చుక్క ఇంకెక్కడా లేదు.

పదకొండూ ఇరవై అయిదు. జాబితా మళ్లీ చూసుకుంది. మొదటిది కోట ముట్టడి కథ, రాజు కాదు ఇందులో ముఖ్యం, కోటలో ధాన్యం కొట్టు తాళాలున్న ఆవిడ, ఎవరికి ఎంత కొలిచి పెట్టాలో ఆవిడ చేతిలో ఉంటుంది. ఆఖర్న కోట పోతుంది, జనం బతుకుతారు, అని రాసింది. రెండోది వానలకు చేలల్లో వజ్రాలు వెతికే పిల్లల కథ, నాలుగు వందల ఏళ్ల కిందటిది, అయినా తొలకరికి తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం వంగి నడిచే మనుషుల్ని చూసిన పిల్లలకు కొత్తగా అనిపించదు. అద్భుత కథల్లో ఆమెకిష్టమైనది ఇంట్లో పరిచిన కడప బండల్లో ఒకటి ఎత్తితే కింద ఇంకో ఊరు ఉండే కథ. అది చదివిన వారం రోజులు కమలాపురం ఇంట్లో ఆమె బండల మీద మడమ ఆనించి నడిచేది, ఎక్కడైనా బోలుగా పలుకుతుందేమోనని. ఇక్కడ కూడా, గృహప్రవేశం రోజున, కుడికాలు లోపల పెడుతూ ఆ బండను ఒకసారి మడమతో తట్టింది. ఎవరూ చూడలేదు. వాసుదేవ్ చూశాడు. తర్వాత అడిగాడు, ఏందది, అని. చెప్పింది. మరుసటి రోజు అతను కూడా తట్టి చూశాడు, రెండు చోట్ల.

మూడో వరుసలో రాయాల్సింది నీడ పట్నం ఒక్కటే. పిల్లలకు ఇవ్వదగిన అటువంటి నవల ఆమెకు ఇంకొకటి తెలియదు. కర్నూల్లో ఒక్క అంగట్లో దొరుకుతుంది, మేడమ్‌కు ఆ చిరునామా కూడా ఇచ్చింది. ఆఖరే తెలియదు.

"అక్కా, అయిదు రూపాయల పుట్నాలు." తొమ్మిదో తరగతి శివాని, ఎదురు సందులో పిల్ల, రెండు జడలు, సెలవు రోజు కూడా బడి రిబ్బన్లే. నాగశ్రీ కాగితం తీయబోతుంటే ఆ పిల్ల గల్లా మీదికి వంగింది. "లెక్కల కాయితం వద్దక్కా. ఆ కతుంటాది చూడు, ఎండలో నడుస్తాంటాదే ఒక పిల్ల, ఆ కాయితంలో కట్టు."

"నీకెట్ల తెలుసు ఆ కత?"

"పది దినాల నుంచి మా ఇంటికి అవే వస్తాండాయి కదా. మా యమ్మ చింతపండు తెమ్మంటే నేను రెండు పొట్లాలు కట్టమంటాంటి, రెండు కాయితాలొస్తాయని. ముందుదీ ఎనకదీ కలవవు. అయినా అర్థమయితాది." పిల్ల గొంతు తగ్గించింది. "నాలుగు దినాల నుంచి తాత ఇయ్యడంల్యా. అడిగితే అయిపాయ పో అంటాడు. ఆ కావలోడు దాన్ని పట్టిచ్చినాడా అక్కా?"

నాగశ్రీ చేతిలో పుట్నాలు అలాగే ఉన్నాయి. "లేదు. వాడే దావ చూపిస్తాడు."

"నాకు తెలుసు!" అని పిల్ల రెండు జడలూ ఎగిరేలా తలూపి, లెక్కల కాగితంలోనే పుట్నాలు కట్టించుకుని, అది కూడా చదువుకుంటూ వెళ్లింది. అయిపాయ పో అన్నాడంటే అయిపోయినట్టే. ఆఖరి అధ్యాయం ఏ ఇంట్లో చింతపండుతో తడిసి ఉందో. తడిసినా పరవాలేదు, చింతపండు మరక మీద కూడా అక్షరాలు కనిపిస్తాయి.

వాసుదేవ్‌కు ఫోను చేసింది. సరుకు కోసం కర్నూలు పోయాడు, వెనక లారీల చప్పుడు. సంగతంతా చెప్పింది, చదువుతున్న వార్తలా చెప్పింది. అతను, "మా నాయన తెలిసి చేసుండడే," అన్నాడు.

"నాకు తెలీదా? నేనేమన్నా అంటినా?"

"మరి ఇప్పుడేం రాస్తావు?"

"అదే తెల్దు."

"దాటింది అని రాసెయ్. కతే కదా. ఆఖరు మనమే పెట్టుకుందాం, నువ్వు సగం నేను సగం." ఇంకొక రోజైతే ఆ ఒక్క మాట పట్టుకుని సాయంత్రం దాకా గడిపేది. ఫోను పెట్టేసి పెన్ను తీసింది. దాటింది. మూడక్షరాలు. ఎవరు చూస్తారు? మేడమ్ కొంటుంది, పిల్లలు చదువుతారు, ఆఖర్న చుక్క దాటకపోతే, గోడ దగ్గరే పడిపోతే, శివాని వచ్చి అక్కా నువ్వు అబద్దం చెప్పినావు అంటుంది. ఆ రెండు జడల ముఖం ఆ మాట అంటున్నట్టు ఎంత స్పష్టంగా కనిపించిందంటే పెన్ను మూత పెట్టేసింది. అబద్ధంతో మొదలైన శనివారం ఎన్నాళ్లు నిలుస్తుంది?

పూసల తెర గలగలమంది. కన్యకమ్మ అత్త మజ్జిగ గ్లాసుతో వచ్చింది. "తాగు. ఎండకు ముఖం వాడింది. మీ మామ ఇంగా రాల్యా? ఈ మధ్య పొద్దుగూకులూ తలకాయనొప్పి అంటాండాడు. మజ్జానం కండ్లు మూసుకో అంటే ఆ ఎనక గదిలోకి పోయి కూచ్చుంటాడు, ఏం చేస్తాడో నాకు తెల్దు తల్లీ. ముప్పై అయిదేండ్లలో ఈ అలవాటు ల్యా." మజ్జిగలో కరివేపాకు, కొంచెం అల్లం. గ్లాసు చల్లగా ఉంది, అరచేతికి, తర్వాత చెంపకు ఆనించుకుంది నాగశ్రీ, అత్త చూసి నవ్వుకుంటూ లోపలికి పోయింది. గ్లాసు అడుగున ఒక ఆకు మిగిలింది, దాన్ని కూడా నమిలింది. పన్నెండుకు ఎనిమిది నిమిషాలు.

మామ వచ్చాడు. కొత్త అద్దాలు, నల్ల చట్రం, ముక్కు మీద ఇంకా సర్దుకోలేదు, మనిషి వేరేగా ఉన్నాడు. కోడలు లేవబోతుంటే కూర్చోమన్నట్టు చేయి ఊపి, బెల్లం దిమ్మెల వైపు చూసి, పురికొస వైపు చూసి, తర్వాత గల్లా మీద పడి ఉన్న విప్పిన కట్టను చూశాడు. చూసి ఆగిపోయాడు.

"రామసుబ్బమ్మ కనపడె దావలో" అన్నాడు. "నీ కోడలికి పొట్లం కట్టను వచ్చేసిందప్పా అని చూపిచ్చె. నేను పొట్లం చూల్యా, కాయితం చూస్తి." చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. శెనగపిండి అంటుకున్న నూటనలభై మూడో పేజీ. "ఇది కట్టలో యాడనో అతుక్కోని ఉన్నింటాది. బ్యాళ్లు ఆమె కొంగులో పోసి తీసుకొచ్చినా."

మామ గల్లా సొరుగు మొత్తం బయటికి లాగి, దాని అడుగున పరిచిన ఎర్రబట్ట ఎత్తి, పురికొసతో కట్టిన పల్చటి కట్ట ఒకటి తీసి ఆమె ముందు పెట్టాడు. పైన పెన్సిలు రాత. ఇది ఇద్దరం కలిసి.

"కాయితాలు విడదీస్తా ఒకదినం రెండు ముక్కలు చదివినా. ఇంగ ఆపుకోల్యాకపోతి. మజ్జానం కూచ్చోని చదివి, చదివింది పొట్లం కడతాంటి. ఎవురిదో అనుకుంటినమ్మా. ఈ రాత చూసినాక నీదని తెలిసె." ఆయన కొత్త అద్దాలు తీసి పంచె అంచుతో తుడిచాడు, తుడవాల్సిన అవసరం లేకపోయినా. "నాలుగు దినాలాయ. ఎట్ల చెప్పల్లో తెల్దు. ఇంగో పుస్తకం దొరికితే కొనుక్కోనొచ్చి ఇచ్చి చెప్దామనుకుంటి. అద్దాలు అంతకే, పుస్తకాలంగళ్ల బోర్డులు కనపడక. పేరు కూడా తెల్దు నాకు దానిది, అట్టా మొదటి కాయితమూ చింపేస్తి కదా. తప్పయిపాయ తల్లీ."

ఆమె కట్ట మీద వేలు పెట్టింది. పురికొస ముడి మామ పద్ధతి, ఒక్క లాగుతో విడిపోయేది. లాగలేదు. "మామయ్యా," అంది, "ఇద్దరం కలిసి అని రాసిందాన్ని మీరొక్కరే చదివేసినారా?"

ముసలాయన దొరికిపోయిన పిల్లవాడిలా తలొంచాడు. "ముందుదంతా అప్పుటికే చదివేస్తి. ఆడ ఆపితే నిద్ర పట్టల్యా."

"ఆఖర్న ఏమయితాది?"

తలెత్తాడు. తప్పు చేసిన ముఖం కాసేపు పక్కకు పోయి, వెనక ఇంకో ముఖం వచ్చింది. "చెప్పను. చెప్తే నీకూ వాసుకూ ఏం మిగిలుంటాది?"

మెట్టు మీద గొడుగు మూసిన చప్పుడు. రత్నమణి మేడమ్, భుజాన సంచీ, చెమటలు. "అయిందా నాగశ్రీ? బస్సు టైమయితాంది." కాగితం అందుకుని వేలితో గీతలు దిగుతూ వచ్చింది, కోట పోతుంది జనం బతుకుతారు, బాగుంది, వజ్రం దొరకదు స్నేహితుడు దొరుకుతాడు, బాగుంది, దిగుతూ దిగుతూ పదో దగ్గర ఆగింది. "ఇదేంది, ఖాళీ? ఆ నీడ నవల కదా, నువ్వు అంత చెప్పినావే. ఆఖరు?"

"నేను ఆఖరు చదవలేదు మేడమ్."

మేడమ్ పెదాల దాకా ఆ నవ్వు వచ్చింది. నాగశ్రీ కట్ట వైపు చూడలేదు, గడియారం వైపు చూసింది, పన్నెండుకు రెండు నిమిషాలు, ముల్లు కదులుతోంది, అంతే. శనివారం అలా పోయింది అనుకుంది, ఎవరి శనివారమో పోయినట్టు.

"నేను చదివినా మేడమ్" అన్నాడు తిరుమలయ్య, అద్దాలు పెట్టుకుంటూ.

మేడమ్ ఆయన వైపు తిరిగింది, ఎన్నేళ్లుగానో తనకు పసుపూ కుంకుమా తూచి ఇచ్చిన మనిషిని మొదటిసారి చూస్తున్నట్టు. "మీరా శెట్టిగారూ? నవలా?"

"ఊఁ."

"పిల్లోళ్లకు ఇయ్యొచ్చా? ఏడిపిస్తాదా?"

"ఏడిపిస్తాది." ఆయన కొంచెం ఆలోచించి, ఎంత బరువో చెప్పేముందు తూకం వైపు చూసినట్టు బయటి ఎండ వైపు చూశాడు. "కానీ ఏడ్చినాక అన్నం తినబుద్దయితాది మేడమ్. ఇయ్యండి. నాకు పదహైదేండ్లప్పుడు దొరకాల్సింది, అరవైరెండుకు దొరికె."

బజారులో ఎవరో సైకిలు బెల్లు కొట్టారు. మేడమ్ నవ్వింది, ఈసారి నవ్వు కళ్లదాకా వెళ్లింది, సంచీ భుజం మార్చుకుంది. "అయితే రాయి తల్లీ, తొందరగా రాయి, బస్సు పోతాది. శనివారం మూడో పీరియడు. ఈయప్పను కూడా పిలుచుకోని రా, పిల్లోళ్లకు పొట్లం కట్టడం నేర్పిస్తాడు."

నాగశ్రీ పెన్ను మూత తీసి, పదో గీత మీద నవల పేరు రాసి, ఆఖర్న ఏమవుతుందో రాయాల్సిన చోట రాసింది, మా మామయ్య చదివారు.